జూబిలీ నాణెం మీద వృద్ధ రాణి: 1887 నాటి అయిదు పౌన్ల బంగారు ముద్ర

1887 జూన్ 20 నాటికి విక్టోరియా రాణి సింహాసనమెక్కి యాభై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భాన్ని పురస్కరించుకొని లండన్‌లోని రాయల్ మింట్ బ్రిటన్ బంగారు, వెండి నాణేల మీద రాణి ముఖచిత్రాన్ని ఒక్కసారిగా మార్చివేసింది. అలా వెలువడిన వాటిలో అన్నిటికన్నా పెద్దది అయిదు పౌన్ల బంగారు నాణెం. దాని బరువు 39.94 గ్రాములు, వ్యాసం 36 మిల్లీమీటర్లు, బంగారం 22 క్యారెట్లు. మామూలు ముద్రణలో సుమారు 54 వేల నాణేలు వెలువడగా, సంగ్రాహకుల కోసం ప్రత్యేక శ్రద్ధతో తయారుచేసిన ప్రూఫ్ నాణేలు 800కు మించలేదు.

ఈ నాణెం గురించి రాసేవారు సాధారణంగా దాని అపురూపత గురించీ, వేలంపాటలో అది పలికే ధర గురించీ రాస్తారు. దాన్ని ఒక శిల్పంగా, ఒక రాజకీయ ప్రకటనగా చదివినవారు తక్కువ. విడుదలైన నాడే ఇంగ్లండులో పత్రికలూ పార్లమెంటు సభ్యులూ దీన్ని ఎగతాళి చేశారు. ఆ ఎగతాళిలో న్యాయమెంత, అన్యాయమెంత? ఈ నాణెం దేన్ని జ్ఞాపకం పెట్టుకుంది, దేన్ని మరిచిపోయింది? తెలుగువారికి ఇది పూర్తిగా పరాయి ప్రశ్న కాదు. ఆ రాణి బొమ్మ ఉన్న కాసులను మెడలో వేసుకున్న తరాలు తెలుగు ఇళ్ళలో ఉన్నాయి.

ప్రూఫ్ అంటే ఏమిటి

ప్రూఫ్ అన్న మాటకు మొదటి అర్థం పరీక్ష. కొత్త అచ్చు సరిగా పడుతోందా లేదా అని చూసుకోవడానికి టంకశాలలో ముందుగా కొట్టే నాణేన్ని అలా పిలిచేవారు. క్రమంగా అది చూపరుల కోసం, కానుకల కోసం తయారయ్యే నాణేనికి పేరైంది. ఇందుకోసం అచ్చునూ, ఖాళీ బంగారు బిళ్ళనూ ముందుగా నునుపు చేస్తారు. అచ్చు మీది సూక్ష్మరేఖ కూడా లోహంలోకి దిగేలా బలంగా ముద్ర వేస్తారు. ఫలితంగా నాణెం నేల అద్దంలా మెరుస్తుంది, దాని మీద లేచిన బొమ్మ మసక వెలుగుతో విడిగా నిలుస్తుంది.

దీనివల్ల విమర్శకుడికి ఒక మేలుంది. చేతులు మారిన నాణెం మీద మొదట అరిగేవి ఎత్తైన భాగాలు: చెంప, ముక్కు, కనుబొమ, జుట్టు. అరిగిన నాణెం ఎవరి ముఖాన్నయినా కొంత మృదువుగా చూపిస్తుంది. ప్రూఫ్‌కు ఆ దయ లేదు. శిల్పి చెక్కినది చెక్కినట్టే ఉంటుంది. కాబట్టి 1887 నాటి శిల్పాన్ని న్యాయంగా తూచాలంటే సంతలో తిరిగిన నాణేన్ని పక్కనపెట్టి ప్రూఫ్‌నే చూడాలి.

యాభై ఏళ్ళ యౌవనం

1887 దాకా బ్రిటిష్ బంగారు నాణేల మీద ఉన్నది విలియం వయన్ చెక్కిన యువరాణి తల. 1838లో మొదలైన ఆ బొమ్మలో జుట్టును పట్టీలతో వెనక్కి ముడిచిన, మెడ నిటారుగా ఉన్న ఒక అమ్మాయి కనిపిస్తుంది. కిరీటం లేదు. గ్రీకు శిల్పంలోని దేవతకూ, పద్ధెనిమిదేళ్ళ నిజమైన పిల్లకూ మధ్యనున్న రూపమది. అదే వయన్ 1839లో చేసిన అయిదు పౌన్ల నాణెం బొరుసు మీద రాణిని స్పెన్సర్ కావ్యంలోని యూనాగా మార్చి, సింహాన్ని నడిపిస్తున్నట్టు చూపించాడు. బ్రిటిష్ నాణేలన్నిటిలో అందమైనదిగా చాలామంది దాన్నే ఎంచుతారు.

ఆ బొమ్మ అందమే దానికి చిక్కు తెచ్చింది. రాణి తొమ్మిదిమంది పిల్లల తల్లి అయింది, 1861లో వితంతువయింది, మనుమలనూ మునిమనుమలనూ చూసింది. సవరను మీద మాత్రం ఆమెకు పెళ్ళికాలేదు. 1887లో అరవయ్యెనిమిదేళ్ళ స్త్రీ ఊరేగింపులో వెళ్తుంటే, చూడవచ్చిన వాడి జేబులోని నాణెం మీద ఆమె మనుమరాలిని పోలిన పిల్ల ఉంది. బొమ్మను మార్చడం తప్పనిసరి అయింది.

బోమ్ చేసినదేమిటి

కొత్త బొమ్మను జోసెఫ్ ఎడ్గర్ బోమ్ రూపొందించాడు. 1834లో వియన్నాలో హంగేరీ మూలాలున్న కుటుంబంలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, రాణి అభిమానాన్ని పొందిన శిల్పి. రాజకుమారి లూయీజ్‌కు శిల్పవిద్య నేర్పినవాడు. అతడి నమూనా నుంచి అచ్చులు చెక్కినవాడు విలియం వయన్ కొడుకు లియొనార్డ్ చార్లెస్ వయన్. అంటే తండ్రి చెక్కిన యౌవనాన్ని తొలగించి వార్ధక్యాన్ని చెక్కే పని కొడుకు చేతికి వచ్చింది.

ప్రూఫ్ నాణెం మీద ఆ ముఖాన్ని నిదానంగా చూస్తే శిల్పి గమనిక ఎంత నిశితమైనదో తెలుస్తుంది. పైకనురెప్ప బరువుగా కిందికి దిగింది. చెంపలోని కొవ్వు జారి దవడ అంచును కప్పేసింది. గడ్డం కింద మడత పడింది. నోటి కొస కిందికి వంగింది. వయసుతో ముఖంలోని మెత్తని కణజాలం ఎటు జారుతుందో శరీరశాస్త్రం చెప్పే క్రమమే ఇక్కడ ఉంది. రాణి ఛాయాచిత్రాలతో పోల్చినా ఈ ముఖంలో అబద్ధం కనబడదు.

అయితే జనం నవ్వింది ముఖాన్ని చూసి కాదు, కిరీటాన్ని చూసి. వితంతువు వేసుకునే మేలిముసుగు మీద, నడినెత్తిన, బొమ్మల పెళ్ళికి చేయించినట్టు ఒక చిట్టి కిరీటం ఉంది. తల కొంచెం ఊగితే జారిపడేలా కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే ఇది కూడా అబద్ధం కాదు. 1870లో రాణి తన కోసం ప్రత్యేకంగా చేయించుకున్న వజ్రాల కిరీటమది. బరువైన రాజకిరీటం మోయలేక, ముసుగు మీద పెట్టుకోవడానికి వీలుగా చేయించుకున్నది. వెడల్పు పది సెంటీమీటర్లయినా లేదు. అసలైన కిరీటాన్ని అసలైన కొలతలో చెక్కడమే శిల్పి చేసిన నేరం.

ఇక్కడే బోమ్‌ను సమర్థించడం ఎంతవరకు సాధ్యమో ఆలోచించాలి. నిండు శిల్పంలోనో, తైలవర్ణచిత్రంలోనో ఆ కిరీటం ఇబ్బంది పెట్టదు. చుట్టూ గది ఉంటుంది, దుస్తులుంటాయి, చేతులుంటాయి. రాణి ఠీవికి అనేక ఆధారాలుంటాయి. నాణేనికి ఉన్నది రెండంగుళాలైనా లేని గుండ్రటి చోటు. అందులో కిరీటం వస్తువు కాదు, సంకేతం. సంకేతం చిన్నదైతే అధికారమే చిన్నదైనట్టు కనిపిస్తుంది. బోమ్ ముఖాన్ని మనిషిగా చెక్కాడు, కిరీటాన్ని కూడా మనిషి తొడుక్కునే వస్తువుగానే చెక్కాడు. రాజముద్ర అడిగేది అది కాదు.

ఈ తేడా నాణేన్ని తిప్పగానే అర్థమవుతుంది. బొరుసు మీద 1817లో ఇటలీవాడైన బెనెడెట్టో పిస్త్రూచి చెక్కిన సెయింట్ జార్జి ఉన్నాడు. గుర్రం మీది ఆ వీరుడికి శిరస్త్రాణం తప్ప ఒంటి మీద దాదాపు బట్టల్లేవు. చేతిలోని పొట్టికత్తితో గుర్రం మీద నుంచి కింద ఉన్న డ్రాగన్‌ను పొడవడం కష్టం. యుద్ధవిద్య దృష్టితో చూస్తే ఇది కిరీటం కన్నా హాస్యాస్పదం. అయినా రెండు వందల ఏళ్ళుగా ఎవరూ నవ్వలేదు. అది పురాణం కాబట్టి. ఒకే బంగారు బిళ్ళ మీద ఒకవైపు పురాణమూ, మరోవైపు నిజమూ ఉన్నాయి. పురాణాన్ని నమ్మిన కళ్ళు నిజాన్ని చూసి నవ్వాయి.

పూత పూసిన ఆరు పెన్నీలు

జూబిలీ నాణేలకు ఇంకో చిక్కు వచ్చింది. వాటిలో చాలావాటి మీద విలువ రాసి లేదు. కొత్త ఆరు పెన్నీల వెండి నాణేనికి ఒకవైపు రాణి బొమ్మ, మరోవైపు రాజచిహ్నమైన డాలు ఉన్నాయి. పరిమాణం అర సవరనుతో సమానం. అర సవరను బొరుసు మీద కూడా డాలే. దాంతో ఆరు పెన్నీలకు బంగారు పూత పూసి, దాని విలువకు ఇరవై రెట్లయిన అర సవరనుగా చలామణీ చేయడం మొదలైంది. ఆ ఏడాదే ప్రభుత్వం ఆ నమూనాను ఉపసంహరించుకొని, విలువను అక్షరాల్లో రాసి దండ చుట్టిన పాత పద్ధతికి వెళ్ళవలసి వచ్చింది. నాలుగు షిల్లింగుల కొత్త నాణేన్ని అయిదు షిల్లింగుల క్రౌనుగా పొరబడటం కూడా అప్పుడే జరిగింది. మూడేళ్ళకే దాని ముద్రణ ఆగింది.

ఈ ఉదంతాన్ని తమాషాగా చెప్పి వదిలేస్తుంటారు. కానీ అందులో స్మారక నాణేల స్వభావం బయటపడుతుంది. వాడుకలో ఉన్న నాణెం ముందు తన విలువ చెప్పుకోవాలి. స్మారక నాణెం ముందు రాజును చెప్పుకుంటుంది. రెండు పనులూ ఒకే బిళ్ళతో చేయించబోయినప్పుడు మోసగాడికి సందు దొరికింది.

1893: ముసుగు, బిరుదు

ఎగతాళి ఫలించింది. 1891లో కొత్త నమూనాల కోసం ఒక సంఘాన్ని నియమించారు. 1893లో థామస్ బ్రాక్ చెక్కిన బొమ్మ వచ్చింది. అందులోనూ రాణి వృద్ధురాలే, ఇంకా పెద్దదయింది కూడా. అయితే ముసుగు తలను నిండుగా కప్పి భుజాల మీదికి దిగింది. దాని కిందనుంచి చిన్న తలపట్టం అంచు మాత్రం కనిపిస్తుంది. బోమ్ బొమ్మలో ఇంటి పెద్దావిడ ఉంటే, బ్రాక్ బొమ్మలో రాజ్యమాత ఉంది. శిల్పంగా ఇది ఎక్కువ గంభీరమైనదన్న మాటలో సందేహం లేదు.

కానీ బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాలను కూడా చదవాలి. 1887 నాటి అయిదు పౌన్ల మీది లాటిన్ పొట్టి అక్షరాలు విక్టోరియాను దేవుడి దయతో బ్రిటన్‌ల రాణి, మతసంరక్షకురాలు అని మాత్రమే చెప్తాయి. భారతదేశం పేరు లేదు. 1876లో పార్లమెంటు చట్టం చేసి, 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను భారత చక్రవర్తినిగా ప్రకటించి అప్పటికి పదేళ్ళయింది. ఆ బిరుదును ఇంగ్లండులో వాడబోమని డిజ్రేలీ ప్రభుత్వం సభకు మాట ఇచ్చింది. చక్రవర్తిని అన్న మాట ఇంగ్లీషువారి చెవికి అప్పుడు నచ్చలేదు. 1893 నాణెం ఆ మొహమాటాన్ని విడిచిపెట్టింది. భారత చక్రవర్తిని అని సూచించే ‘ఇండ్. ఇంప్.’ అన్న అక్షరాలు మొదటిసారిగా బ్రిటన్ నాణేల మీదికి ఎక్కాయి. 1948లో రాజప్రకటనతో తొలగించేదాకా అవి అక్కడే ఉన్నాయి.

కాబట్టి 1887 నుంచి 1893కు జరిగిన మార్పును కళాభిరుచి మెరుగుపడటంగా మాత్రమే చూడటం సగం చదువు. పోయిన గాంభీర్యం తిరిగి వచ్చినప్పుడు దానితోపాటు సామ్రాజ్యం కూడా వచ్చింది. అదే 1893లో భారతదేశపు టంకశాలల్లో ప్రజలు వెండి తెచ్చి రూపాయలు కొట్టించుకునే హక్కు రద్దయింది. 1899 చట్టంతో సవరను ఒకటికి పదిహేను రూపాయల చొప్పున ఇండియాలో చెల్లుబాటయింది. ఆ నాణేల ద్వారానే ముసలి రాణి ముఖం ఇండియాలో చేతికి అందింది. ఎందుకంటే ఇక్కడి రూపాయి మీద ఆమె ఎన్నడూ ముసలిది కాలేదు. 1877లో ‘రాణి’ అన్న చోట ‘చక్రవర్తిని’ అని మారింది గాని, 1901లో ఆమె చనిపోయేదాకా నడివయసు దాటని కిరీటధారిణి బొమ్మే కొనసాగింది. ఇంగ్లండు ప్రజకు తమ రాణి ముసలిదవుతున్నదని చెప్పిన టంకశాల, ఇండియా ప్రజకు ఆ సంగతి చెప్పలేదు.

రెండు పౌన్లు

నాణెం చెప్పని విషయాన్ని కూడా విమర్శ లెక్కలోకి తీసుకోవాలి. ఢిల్లీ దర్బారు జరిగిన రోజుల్లో మద్రాసు రాజధానిలో ధాత కరువు నడుస్తోంది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఖర్చు తగ్గించమని రాజప్రతినిధి లిట్టన్ పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించాడు. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. మట్టి తవ్వి మోసే మనిషికి ఆ తిండి చాలదని అతడి వాదం. నేటి లెక్కలో పౌను ధాన్యం 454 గ్రాములు. దానినుంచి వచ్చేది సుమారు 1,600 కెలోరీలు. కష్టమైన కాయకష్టం చేసే మగవాడికి దాదాపు దానికి రెట్టింపు కావాలి. లక్షలమంది ఆ కరువులో పోయారు.

తెలుగులో ధాన్యం తూచే తూనికా పౌనే, ఇంగ్లండు డబ్బూ పౌనే. జూబిలీ నాణెం అయిదు పౌన్లు. యాభై ఏళ్ళ పాలనను స్మరించే నాణెం మీద కరువును చెక్కమని ఎవరూ అడగరు. ఉత్సవం ఉత్సవమే. కానీ స్మారకం అన్న మాట వాడినప్పుడు, దేన్ని స్మరించకూడదని నిర్ణయించారన్నది కూడా ఆ వస్తువు అర్థంలో భాగమే.

తెలుగునేల మీద జూబిలీ

అదే ఉత్సవానికి తెలుగునేల మీద మరో స్మారకం లేచింది. 1887 జూన్ 27న కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయెల్ బెజవాడలో విక్టోరియా జూబిలీ భవనానికి శంకుస్థాపన చేశాడు. ఇప్పుడది బాపు మ్యూజియం. 1921లో కాంగ్రెసు సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా చూపింది ఆ ప్రాంగణంలోనేనని చెప్తారు. రాణి పేర కట్టిన ఇల్లు ఆమె వారసుల పాలనను దించిన జెండాకు చిరునామా అయింది. భవనానికి ఆ అవకాశం ఉంది; లోపలికి ఎవరైనా రావచ్చు. పెట్టెలో మూసిన ప్రూఫ్ నాణేనికి ఆ అవకాశం లేదు.

విజయనగర చరిత్రకారుడిగా తెలుగువారికి తెలిసిన ఈ సూయెలే, తర్వాత 1904లో ఇండియాలో దొరికిన రోమన్ నాణేల మీద ఒక వ్యాసం ప్రకటించాడు. దక్షిణాదిన దొరికిన రోమన్ బంగారు నాణేల్లో కొన్నిటికి రంధ్రాలు, కొన్నిటికి కొక్కేలు ఉన్నాయి. అంటే ఇక్కడివారు వాటిని ఒంటికి పెట్టుకున్నారు. పుదుక్కోట్టైలో దొరికిన రాశిలోని చాలా నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గంటు పెట్టి ఉంది. ఎందుకన్నదాని మీద పండితుల్లో వాదాలున్నాయి. మొత్తానికి పరాయి చక్రవర్తి ముఖాన్ని బంగారంగా స్వీకరించి, ముఖంగా పట్టించుకోకపోవడం ఇక్కడ రెండు వేల ఏళ్ళ అలవాటు.

కాసులపేరు ఆ అలవాటుకు దగ్గరి చుట్టం. సవరను తూకం 7.988 గ్రాములు, తెలుగునాట కాసు అంటే ఎనిమిది గ్రాములు కావడం యాదృచ్ఛికం కాదు. రాణీకాసులకు కొక్కెం అతికించి దండ గుచ్చినప్పుడు సంగ్రాహకుడి దృష్టిలో ఆ నాణెం పాడైపోయింది. వేసుకున్నామె దృష్టిలో అప్పుడే అది పనికొచ్చింది. పెళ్ళికి పెట్టారు, కరువులో కుదువ పెట్టారు, కూతుళ్ళు పంచుకున్నారు. 1918లో రాయల్ మింట్ శాఖ బొంబాయిలో సుమారు 13 లక్షల సవరన్లను ‘ఐ’ అన్న చిన్న గుర్తుతో కొట్టింది. మళ్ళీ 2013లో ఇండియాలో అదే గుర్తుతో సవరన్ల ముద్రణ మొదలైంది. కొనేవారు రాణి కోసం కొనలేదు. తూకానికీ మేలిమికీ పూచీ ఉందని కొన్నారు.

రెండు ముఖాల ఉపాయం

1887 వైఫల్యం నుంచి రాయల్ మింట్ ఒక పాఠం నేర్చుకుంది. 1897లో అరవయ్యేళ్ళ పాలనకు నాణెం కాక పతకాన్ని వెలువరించింది. దాని బొమ్మ మీద బ్రాక్ చెక్కిన ముసుగు రాణి, బొరుసు మీద వయన్ చెక్కిన పాత యువరాణి. వయసును దాచలేదు, అలాగని ఒంటరిగానూ వదలలేదు. వెనక్కి తిప్పితే యౌవనం దొరుకుతుంది. 2012లో ఎలిజబెత్ రాణి అరవయ్యేళ్ళ పాలనకు వచ్చిన అయిదు పౌన్ల నాణెం కూడా ఇదే చేసింది. ఒకవైపు ఇయన్ ర్యాంక్-బ్రాడ్లీ చేసిన వృద్ధ రాణి, మరోవైపు 1953లో మేరీ గిల్లిక్ చేసిన కిరీటం లేని యువతి. దాని బంగారు ప్రూఫ్ కూడా 39.94 గ్రాములే.

ఈ ఉపాయం అందంగా ఉంది, కొంత సులభంగానూ ఉంది. రెండు ముఖాల మధ్య గడిచిన అరవయ్యేళ్ళలో ఏం జరిగిందో చెప్పే చోటు నాణెం అంచు ఒక్కటే. చూసేవాడు రాజ్యం సంగతి మరిచి, ఒక మనిషి వయసు పెరగడం గురించి ఆలోచిస్తాడు. రాజ్యకాలం ఒక జీవితకాలంగా మారిపోతుంది. జీవితకాలాన్ని ఎవరు విమర్శిస్తారు?

ఆ కొలతతో చూస్తే బోమ్ నాణెం మీద జాలి కన్నా కొంత గౌరవమే కలుగుతుంది. దానికి ఊరటనిచ్చే రెండో ముఖం లేదు, పరుల దేశం పేరుతో తెచ్చుకున్న గాంభీర్యమూ లేదు. అలసిన కళ్ళు, జారిన చెంప, నెత్తిన సరిపోని కిరీటం ఉన్నాయి. సంకేతంగా అది ఓడిపోయింది. యాభై ఏళ్ళు ఒకరి తల మీద కిరీటముంటే తల ఏమవుతుందో చెప్పడంలో ఓడిపోలేదు. ఆ ముఖాన్ని ప్రూఫ్ నాణెం ఈనాటికీ ఒక్క రేఖ అరగకుండా కాపాడుతోంది. అదే ముఖం పాత కాసులపేరులో ఉంటే, ఎవరెవరి గుండెల మీదో ఒరుసుకొని, చెంపా కిరీటమూ నున్నగా అరిగిపోయి, ఎవరో ఒక ముసలామెగా మాత్రమే మిగిలి ఉంటుంది.